పక్కవాళ్ల పెట్టె

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయిన వారం మీతో అబద్ధం చెప్పాను. తన గదికి పొరపాటున వచ్చిన పెట్టెని ఆర్డిస్ తెరవకుండా పక్కన పెట్టిందనీ, మంగళవారం తీసుకెళ్లి ఇచ్చేస్తుందనీ రాశాను. ఆవిడ తెరిచింది. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు మాట తప్పని మనిషి గురించి అలా రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. పైగా ఈ కథలో ఎవరి పక్షమూ పట్టనని మొదటి వారం మాటిచ్చాను. అదీ నిలబెట్టుకోవడం లేదని ఈపాటికి మీరు కనిపెట్టే ఉంటారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్లేట్ నదికి ఇటు టోలన్, అటు అషెల్. మధ్య ఏడు మైళ్లు, ఒక వంతెన, చుట్టూ గోధుమ కొండలు. ఇటు ఒడ్డున టోలన్ స్టేట్ కాలేజీ: వ్యవసాయం, పశువైద్యం, చేతికి మట్టంటే చదువులు. అటు ఒడ్డున అషెల్ యూనివర్సిటీ: ప్రయోగశాలలు, నాలుగంతస్తుల లైబ్రరీ, గోడల నిండా తీగలు. నూట పదహారేళ్లుగా నవంబరు చివరి శనివారం రెంటికీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. ఇద్దరూ ఒకే కాన్ఫరెన్స్‌లో, తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలో ఉన్నారు, అంటే ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్లు. ఆగస్టు నాలుగున అషెల్ లేచి నిలబడింది. తాము పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోతున్నామనీ, ఇకమీదట 'విద్యా ప్రమాణాల్లో మాకు సాటి అయిన సంస్థల సరసన' ఆడతామనీ ప్రకటించింది. సాటి కానిదెవరో రాయలేదు. ఆ సాటి కానిది ఏడు మైళ్ల దూరంలోనే ఉంది కాబట్టి రాయాల్సిన అవసరమూ లేదు. ఈ శనివారం టోలన్‌లో జరిగేదే ఆఖరి ఆట.

ఆర్డిస్ హాగ్‌బర్గ్‌కి యాభై తొమ్మిది. స్టేట్ జట్టు సామాను గదికి ఆవిడే పెద్ద. హెల్మెట్లు, జెర్సీలు, బూట్లు, ఉతకడం, ఆరేయడం, కుట్టడం అన్నీ ఆవిడ చేతి మీదే నడుస్తాయి. అటు ఒడ్డున అదే పని చేసేది ఎమిల్ కుంజ్, అరవై రెండేళ్లవాడు. ఆటయ్యాక, ఆడటానికి వచ్చిన అవతలి జట్టు బట్టలు కూడా ఆట జరిగిన ఊరివాళ్లే ఉతికి ఇవ్వడం ఇక్కడి ఆచారం. అంటే ముప్పై ఒక్క ఏళ్లుగా వీళ్లిద్దరూ ఒకళ్ల బురద ఒకళ్లు ఉతుకుతున్నారు. మార్చిలో ఎమిల్ వంతెన మీద బండి ఆపి, పెళ్లి చేసుకుందామా అని అడిగాడు. సీజన్ అయ్యాక చెప్తానంది ఆర్డిస్. వాళ్లమ్మ ఉంగరం ఇచ్చాడు. వేలికి పెడితే ఊరంతా ప్రశ్నలేస్తుందని ఆవిడ దాన్ని తాళాల గుత్తికి వేసుకుంది.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం.

*

రెండు కాలేజీలకీ సామాను పంపే కంపెనీ ఒకటే, తెచ్చే లారీ ఒకటే. ఏడాదికి మూడు నాలుగుసార్లు వీళ్ల పెట్టె వాళ్లకీ, వాళ్ల పెట్టె వీళ్లకీ దిగుతుంది. అందుకే మొదటి ఏడే ఎమిల్, ఆర్డిస్ ఒక నియమం పెట్టుకున్నారు. పక్కవాళ్ల పెట్టె తెరవకూడదు. లోపల ఆ ఏటి ఆటకని దాచిన కొత్తరకం జెర్సీ ఉండొచ్చు, ఏదైనా ఉండొచ్చు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కలుస్తారు, అప్పుడు మూసిన పెట్టె మూసినట్టే ఇచ్చేయాలి. ఒకసారి ఎమిల్ పెట్టె ఆరు రోజులు ఆర్డిస్ గదిలో ఉంటే, ఆవిడ దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంది తప్ప లోపలేముందో ఊహించను కూడా లేదు.

సోమవారం పొద్దున ఐదు పెట్టెలు వచ్చాయి. ఆటకి ముందు వారం, గదిలో ఊపిరాడని పని. ఆవిడ ఎప్పటిలాగే ఐదింటినీ వరసగా బల్ల మీద పేర్చి, కత్తి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి టేపు కోసుకుంటూ పోయింది. చీటీలు చదవలేదు. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు చేతిలో ఉంటే కళ్లతో పనుండదు. నాలుగో పెట్టె రెక్క లేచాక చీటీ కనిపించింది. అషెల్ యూనివర్సిటీ.

మొదటి రెక్క పొరపాటు. రెండో రెక్క కాదు.

లోపల గుడ్డ బిళ్లలు. జెర్సీ మీద ఛాతీకి ఎడమవైపు కుట్టే కాన్ఫరెన్స్ బిళ్లలు, రెండు వేలు. అరచేతిలో సగం ఉంటుంది ఒక్కోటి. నీలం, బంగారు దారం, మధ్యలో పెద్ద కాన్ఫరెన్స్ గుర్తు. ఆర్డిస్ ఒకటి తీసి వెనక్కి తిప్పి కుట్టు చూసింది. కుట్టు బావుంది. దారం తేలలేదు, అంచు ముడుచుకోలేదు. ఇంత బాగా కుట్టకుండా ఉంటే ఎంత బాగుండేది అనిపించింది ఆవిడకి.

తర్వాత సరుకు కాగితం చూసింది. ఆర్డర్ చేసినవారు: ఇ. కుంజ్. ఆర్డర్ తేదీ: ఫిబ్రవరి 9.

ఇది మీకు నాకు తట్టే లెక్క కాదు, సామాను గదివాళ్లకి తెలిసిన లెక్క. కాన్ఫరెన్స్ మారాలంటే వచ్చే ఏటి జెర్సీలు మారాలి. ఎక్కడో సముద్రం అవతల ఫ్యాక్టరీలో దారం రంగు ఒప్పించుకుని కుట్టి పంపడానికి తొమ్మిది నెలలు. కాబట్టి ఏ కాలేజీ ఎక్కడికి పోతుందో పేపరువాళ్లకంటే ముందు, ఆటగాళ్లకంటే ముందు, ఒక్కోసారి కోచ్‌కంటే కూడా ముందు, కుట్టేవాళ్లకి తెలుస్తుంది.

ఆగస్టు నాలుగున ఆ ప్రకటన వచ్చినరోజు ఎమిల్ ఆర్డిస్ గదిలోనే ఉన్నాడు. ఆవిడ రేడియో కట్టేసి, ఆరబెట్టే యంత్రానికి వీపు ఆన్చి నేలమీద కూలబడితే, పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని, 'నమ్మలేకపోతున్నాను ఆర్డిస్' అన్నాడు.

ఫిబ్రవరి తొమ్మిది. మార్చి పదహారున వంతెన. ఆగస్టు నాలుగున నమ్మలేకపోవడం.

ఆవిడ పెట్టెకి మళ్లీ టేపు వేసింది, రెండు వరసలు, అంగుళం తేడా లేకుండా. మంగళవారం దాకా ఆగింది.

*

మంగళవారం మధ్యాహ్నం పెట్టెని పికప్పులో పక్క సీటు మీద పెట్టుకుని బయల్దేరింది. బరువుకి అక్కడెవరో మనిషి కూర్చున్నారనుకుని సీటు బెల్టు పెట్టుకోమని బండి గోల పెట్టింది. రెండు మైళ్లు భరించి, చివరికి ఆర్డిస్ పెట్టెకి బెల్టు పెట్టింది. బండి నోరు మూసింది.

వంతెన సగం దాకా కమ్మీలకి స్టేట్ నారింజ రంగు, ఆ సగం నుంచి అషెల్ నీలం. ఆ గీత దాటగానే ప్రతి ఇంటి గుమ్మానికీ నీలం జెండా. ఒక ఇంటి ముందు అట్ట మీద రాసి పెట్టారు: 'ఆవులకి టాటా'. స్టేట్‌ని ఆవుల కాలేజీ అనడం అషెల్ పిల్లలకి వందేళ్ల సరదా. ఇన్నాళ్లూ ఆర్డిస్ నవ్వుకునేది. మళ్లీ ఏడు కలవబోయేవాళ్లే కదా అలా అనేది.

ఎమిల్ గది ఆవిడ గదికి మూడింతలు. బల్ల దగ్గర కూర్చుని ఒక హెల్మెట్ ముఖకమ్మీకి మర బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"సూప్ వాసన రావట్లేదే. మసూరుపప్పు అయిపోయిందా టోలన్‌లో? కాలేజీ నిండా దాని మీద పరిశోధనే కదా మీకు."

ఆర్డిస్ పెట్టెతోనే గుమ్మంలో నిలబడింది.

"నేనూ పరిశోధకుణ్ణే ఇప్పుడు, తెలుసా. పైనుంచి ఫారం వచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నాం కాబట్టి ప్రతి ఉద్యోగీ తన అత్యున్నత పట్టా రాయాలట. డ్రైవింగ్ లైసెన్స్ అని రాశా. పరిశోధనాంశం అన్నచోట మరకలు అని పెట్టా."

ఆర్డిస్ పెట్టెని బల్ల మీద దింపింది. ఎమిల్ తల ఎత్తి ముందు ఆవిడ మొహం చూడలేదు, టేపు చూశాడు. కంపెనీ టేపు ఒక వరస వేస్తుంది. ఇది రెండు వరసలు, గీత గీసినట్టు. ఆ టేపు ఎవరి చేతిదో ఆయనకి చెప్పాల్సిన పనిలేదు.

"తెరిచావు," అన్నాడు.

"తెరిచాను."

"మనం తెరవం కదా, ఆర్డిస్."

"తెరవం. ఎన్నో అనుకున్నాంలే మనం చెయ్యమని."

ఎమిల్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచినా మళ్లీ తుడుచుకున్నాడు. "కూర్చో," అన్నాడు.

"నించునే ఉంటా. ఫిబ్రవరి తొమ్మిదిన నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"పైవాళ్లు పిలిచారు. గుర్తు ఇదీ, రంగు ఇదీ, రెండు వేలు ఆర్డర్ పెట్టమన్నారు. అంతకుముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నోరు విప్పితే ఉద్యోగం పోతుందని. పెన్షన్‌కి రెండేళ్లుంది నాకు." హెల్మెట్‌ని పక్కకి జరిపి, "అది సాకు కాదులే. చెప్తున్నానంతే," అన్నాడు.

"ఆ తర్వాత ఎన్ని మంగళవారాలు వచ్చాయో లెక్కపెట్టావా నువ్వు? నేను లెక్కపెట్టా నిన్న రాత్రి. ఆగస్టుదాకా ఇరవై ఐదు. ఇరవై ఐదుసార్లు నా సూప్ తాగావు. ఉప్పు తక్కువైందని రెండుసార్లు వంక కూడా పెట్టావు."

"ఒకసారి."

"రెండుసార్లు, ఎమిల్."

ఆయన ఒప్పుకున్నట్టు తలూపాడు.

"నా గదిలో కూర్చుని మీ కుర్రాళ్ల జెర్సీల చిరిగిన చేతులు కుట్టాను. మీ పొడుగాటివాడు, మోకాలు విరిగినవాడు, వాడి జెర్సీ మీద రక్తం పోవట్లేదని తెస్తే రాత్రంతా చల్లనీళ్లలో నానబెట్టి ఇచ్చాను. నా వాడు కాదని అనుకోలా. వాళ్లు నాకు సాటో కాదో అనీ అనుకోలా. మీ కాగితంలో రాశారుగా, సాటి అయిన సంస్థలని. మీ ప్రొఫెసర్ల కుక్కలకి జబ్బు చేస్తే ఏ ఒడ్డుకి తెస్తారు, చెప్పు?"

"మీ ఒడ్డుకే."

"అక్కడ ప్రమాణాలు సరిపోతున్నాయా?"

"అది రాసింది నేను కాదు, ఆర్డిస్."

"నువ్వు కాదు. నువ్వు బిళ్లలు కుట్టించావు."

వెనక గదిలో ఉతుకు యంత్రం నీళ్లు వదిలే చప్పుడు వచ్చింది. అది నిమిషంలో ఆగుతుందని ఇద్దరికీ తెలుసు, ఆగేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

"ఏప్రిల్‌లో మా కాలేజీ ఒక కాగితం ఇచ్చింది గుర్తుందా," అంది ఆర్డిస్. "ముందుగా రిటైరైతే పూర్తి పెన్షన్ ఇస్తామని. నువ్వు సంతకం పెట్టెయ్యమన్నావు. హాయిగా ఇంట్లో ఉందువు, నాతో ఉందువు అన్నావు. నేను నవ్వాను. సిగ్గుపడ్డాను కూడా, ఈ వయసులో. పెట్టలా సంతకం. సెప్టెంబరులో పిలిచి చెప్పారు, చిన్న కాన్ఫరెన్స్‌కి పోతున్నాం, సామాను గదికి ఇంతమంది అక్కర్లేదు, జూన్‌తో నా పని అయిపోతుందని. ఏప్రిల్లో నువ్వన్నది నా మీద ఇష్టంతోనా, లేకపోతే మునిగిపోతున్న మనిషికి చెయ్యి అందించడమా?"

"రెండూ."

"రెండూ వేరు."

"నాకు వేరుగా కనపళ్లేదు."

ఆర్డిస్ అప్పుడు కూర్చుంది. హెల్మెట్ల మధ్య ఖాళీగా ఉన్న ముక్కాలి పీట మీద. అసలు అడగాలని వచ్చినది ఒక్కటే, ఏడు మైళ్లూ అదే నోట్లో నానబెట్టుకుని వచ్చింది. మిగతావన్నీ దాన్ని వాయిదా వెయ్యడానికే.

"ఒక్క మాట అడుగుతా. ఆలోచించి చెప్పు. ఆ బిళ్లలు ఆర్డర్ పెట్టి ఉండకపోతే, మార్చిలో నన్ను అడిగేవాడివా?"

ఎమిల్ నిజంగానే ఆలోచించాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. తక్షణం 'అడిగేవాణ్ణి' అనేస్తే సరిపోయేది. ఏ మగాడైనా అనేవాడు.

"ఆ రోజు అడిగేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆర్డిస్ తలూపింది.

"పూర్తిగా విను. పొయ్యి తలుపు మీద ఇంకెన్ని వరసలకి చోటుందో పోయినేడు లెక్కపెట్టాం గుర్తుందా?"

గుర్తుంది. రెండు జట్లూ పోట్లాడేది ఒక పాత ఇనప పొయ్యి తలుపు కోసం. వందేళ్ల కిందట, వంతెన లేని రోజుల్లో, పడవ రేవు దగ్గర గుడిసెలో రెండు జట్లవాళ్లూ తడిసిన మేజోళ్లు ఆరబెట్టుకున్న పొయ్యిది. గెలిచినవాళ్లు ఏడాదిపాటు ఉంచుకుంటారు. ఓడినవైపు సామాను గది మనిషి ఉలీ సుత్తీ తీసుకుని, ఆ ఏటి స్కోరు అంకెల్ని దాని మీద తన చేత్తో తనే కొట్టాలి. గెలిచిన మనిషి పక్కన నించుని తలుపు కదలకుండా పట్టుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లలో ఆర్డిస్ పదిహేడు సార్లు కొట్టింది, ఎమిల్ పద్నాలుగు.

"పదకొండు వరసలు," అంది.

"పదకొండు. అప్పటికి నాకు డెబ్భై రెండు. తొందరేముందిలే అనుకున్నాను. ఏటా నువ్వు వస్తావు, లేకపోతే నేను వస్తాను. ఎప్పుడో ఒకరోజు నువ్వు సుత్తి కొడుతుంటే అడిగేస్తా అనుకునేవాణ్ణి. ఫిబ్రవరిలో ఆ కాగితం నింపి ఇక్కడే కూర్చున్నాను. నువ్వు ఆ వంతెన దాటడానికి ఇంక కారణమంటూ ఉండదని అప్పుడు తట్టింది. వేరే కారణం ఒకటి ఇవ్వాలనిపించింది. నా దగ్గర ఉన్నది అమ్మ ఉంగరం ఒక్కటే."

ఆర్డిస్ మొగుడు పోయి పన్నెండేళ్లు. ఆయన మంచివాడే, కానీ ఆవిడతో ఎవరూ ఎప్పుడూ ఇలాంటి మాట అనలేదు. మార్చిలో వంతెన మీద ఇదే మాట, తేదీతో సహా చెప్పి ఉంటే, ఆవిడ సీజన్ అయ్యేదాకా ఆగమనేది కాదు. నవంబరులో, టేపు కోసిన పెట్టె పక్కన, అది ఎండిపోయాక తెచ్చిన నీళ్లలా ఉంది.

"చాలా మంచి మాట చెప్పావు," అంది. "అదే నాకు కష్టంగా ఉంది. నాకూ చెప్పి అడగాల్సింది, ఎమిల్. ఇలా అయిపోతోంది ఆర్డిస్, ఆట పోతోంది, నీ ఉద్యోగం ఉంటుందో ఉండదో, అయినా నాతో ఉంటావా అని. అవుననేదాన్నేమో. కాదనేదాన్నేమో. నాదంటూ ఒక జవాబు ఉండేది. నువ్వు అన్నీ తెలిసి అడిగావు, నేనేమీ తెలీక మురిసిపోయాను. ఎనిమిది నెలలు తాళాలు చప్పుడైనప్పుడల్లా మురిసిపోయాను."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆవిడ చూస్తుందని.

ఆర్డిస్ జేబులోంచి తాళాల గుత్తి తీసింది. ఇరవై మూడు తాళాలు, వాటి మధ్య ఎర్రరాయి ఉంగరం. గుత్తి చుట్టు ఉక్కుది, గట్టిది. గోరు పెట్టి లాగితే గోరు విరిగింది. ఇంకో గోరు పెట్టింది. చుట్టు విడలేదు. తల వంచుకుని అలా లాగుతూనే ఉంది, ఊపిరి గట్టిగా పీలుస్తూ.

ఎమిల్ ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియకుండా లేచాడు. గోడకి వేలాడే పనిముట్లలోంచి సన్నమూతి పట్టకారు తీసుకున్నాడు. వచ్చి ఎదురుగా వంగి, గుత్తిని ఆవిడ చేతిలో ఉండగానే పట్టుకుని, చుట్టు అంచు తెరిచి పట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇద్దరిలో ఎవరి చేతికి ఏది ఇరుక్కున్నా రెండోవాళ్లు చేసేది అదే.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు.

ఆవిడ తిప్పింది. ఉంగరం జారి వచ్చింది.

బల్ల మీద పెట్టింది, బిళ్లల పెట్టె పక్కన. పట్టకారు అంచుకి గీసుకుని ఆయన వేలి మీద రక్తం. అలవాటు కొద్దీ ఆర్డిస్ చేతిగుడ్డ తీయబోయి, ఆగి, మళ్లీ తీసి ఇచ్చింది.

"చల్లనీళ్లు," అంది.

"తెలుసు."

*

తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఫిబ్రవరిలో ఇంకెవరికి తెలుసు?"

ఎమిల్ చేతిగుడ్డని వేలికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఈసారి ఆలోచిస్తూ ఆగినట్టు లేదు.

"మీ వైపు కాదు. మా వైపు ఎవరికైనా తెలుసా?"

"సంతకం పెట్టిన రోజు సాయంత్రమే ఒకళ్లకి ఫోన్ చేశాను," అన్నాడు. "ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయాను. నువ్వే చెప్పు ఆర్డిస్‌కి, నీ నోటితో వింటే తట్టుకుంటుంది అన్నాను. తను వద్దంది. అమ్మకి తెలిస్తే ఊరంతటికీ తెలుస్తుంది, నేను చూసుకుంటా, మీరు మాత్రం నోరెత్తకండి అంది. మాట తీసుకుంది నా దగ్గర."

అమ్మకి.

సోల్వే ఆర్డిస్ ఒక్కగానొక్క కూతురు. స్టేట్ కాలేజీ అధ్యక్షుడి కార్యాలయంలో పనిచేస్తుంది. ఆయన ఊరికి చెప్పాల్సిన మాటలన్నీ రాసిపెట్టేది సోల్వేనే. ఆగస్టులో ఊళ్లో ప్రతి గుమ్మానికీ అంటించిన ఉత్తరం సోల్వే రాసిందే: 'ఈ వార్త మాకూ మీతో పాటే తెలిసింది. మీ గుండె ఎలా పగిలిందో మాదీ అలాగే పగిలింది.' ఆర్డిస్ దాన్ని తన గదిలో, ఉతుకు యంత్రం పైన, ఆవిరి తగలకుండా ప్లాస్టిక్ తొడుగు వేసి అంటించుకుంది. కూతురు రాసిన వాటిల్లో అదే అన్నిటికంటే బాగుందని వచ్చినవాళ్లందరికీ చూపించింది.

"సరే," అంది ఆర్డిస్.

"ఆగు. నీదొకటి ఉంది నా దగ్గర."

బల్ల కింద నుంచి ఒక పెట్టె తీశాడు. అదే కంపెనీ, అదే సైజు. చీటీ మీద టోలన్ స్టేట్. టేపు ఒకే వరస.

"శుక్రవారం దిగింది. తెరవలేదు," అన్నాడు ఎమిల్. ఎత్తిపొడుపేం లేదు గొంతులో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

*

వంతెన మధ్యలో, నీలం నారింజగా మారే గీత దగ్గర, ఆర్డిస్ బండి పక్కకి ఆపింది. మార్చిలో ఎమిల్ ఆపిందీ ఇక్కడే. కింద స్లేట్ నది బూడిద రంగులో, ఎవరి పక్షమూ లేకుండా పోతోంది.

పక్క సీట్లో పెట్టె. దానికి బెల్టు పెట్టలేదు, దార్లో బండి చేసిన గోల ఆవిడకి వినపడనూ లేదు.

తను ఆ కంపెనీకి ఈ ఏడు పెట్టిన ఆర్డర్లన్నీ ఆవిడకి గుర్తే. అన్నీ వచ్చేశాయి. ఇది తను పెట్టింది కాదు. ఆ గదికి ఆవిడ ఆర్డర్ పెట్టకుండా ఒక్క మేజోడు కూడా రాదు, ముప్పై ఒక్క ఏళ్లలో రాలేదు.

పెట్టె మీద అంటించిన ప్లాస్టిక్ సంచీలో సరుకు కాగితం మడత పెట్టి ఉంది. వేలు దూర్చి బయటికి లాగింది. కళ్లద్దాలు నుదుటి మీద నుంచి కిందికి దించింది.

గుడ్డ బిళ్లలు, రెండు వేలు. కింద స్టేట్ వెళ్లబోయే ఆ చిన్న కాన్ఫరెన్స్ పేరు. అషెల్ మమ్మల్ని వదిలేసి పోయింది, గతిలేక ఇందులో చేరుతున్నామని సెప్టెంబరులో ఊరికి చెప్పిన పేరు.

ఆర్డర్ చేసినవారు: ఎస్. హాగ్‌బర్గ్, అధ్యక్షుల కార్యాలయం.

ఆర్డర్ తేదీ: ఫిబ్రవరి 2.

ఎమిల్ కంటే వారం ముందు.

ఆర్డిస్ కాగితం ఒళ్లో పెట్టుకుని, వెనక అద్దంలో అషెల్ వైపు చూసింది, ముందు అద్దంలోంచి టోలన్ వైపు చూసింది. ఆగస్టు నుంచి ఊరంతా కలిసి తిట్టింది ఎవరిని? ముందుగా పంక్తిలోంచి లేచింది ఎవరు?

జేబులో కత్తి ఉంది. ఈసారి పెట్టె తనదే, తెరవడానికి ఏ నియమమూ అడ్డు రాదు. కత్తి తీసింది, టేపు చివర ఆనించింది. చెయ్యి కదల్లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. సోల్వే.

"అమ్మా," అంది అవతలి గొంతు. ఏడ్చి ఆపిన గొంతు. "ఎమిల్ ఇప్పుడే ఫోన్ చేశారు. నీ చేతిలో ఉన్న పెట్టె తెరవకు. నేను చెప్పేదాకా తెరవకు. అది నేను ఆర్డర్ పెట్టింది కాదమ్మా. నా పేరుతో పెట్టారు."

*

కత్తి అలాగే టేపు మీద ఉంది. అది కదిలేలోగా మీతో ఒక పని. మీ మంచి కోసమేనని ఎవరైనా మీ దగ్గర ఒక తేదీ దాచారా? దాచింది బయటపడ్డాక, దాచినవాళ్లు మీ తాళాల గుత్తి చుట్టు విప్పడానికి సాయం పట్టారా? రాసి పంపండి. పేర్లు మార్చండి, ఊళ్లు మార్చండి, తేదీలు మాత్రం మార్చొద్దు. పక్కవాళ్ల పెట్టె తెరిచినవాళ్లు ఎవరైనా ఉంటే, రెండో రెక్క దగ్గర మీ చెయ్యి ఎంతసేపు ఆగిందో అది కూడా రాయండి. మీ ఉత్తరం నేను తెరిచే చదువుతాను, అందులో ఇంక అబద్ధమేం లేదు.